పర్సు ఆమెది... అందులో డబ్బు ఆయనది!

అబ్బాయి ఆదాయమెంత? అమ్మాయి తెచ్చేదెంత? తాతముత్తాతలు ఎవరు?... సంబంధం అనగానే మొదలయ్యే ఈ ప్రశ్నలు మనకొక్కరికే సొంతం కాదు. రెండొందల ఏళ్ల కిందటి ఇంగ్లండులోనూ పెళ్లంటే ముందు లెక్కలే. అప్పటి ప్రేమ నవలల్ని తిరగేస్తే పేజీపేజీకీ పౌండ్లు, షిల్లింగులు కనిపిస్తాయి. ఆ లెక్కల వెనక నలిగిపోయిన ఆడపిల్లలున్నారు. కలం పట్టుకుని చట్టాన్ని ఎదిరించిన అమ్మలున్నారు.

లండన్‌లోని వాటర్లూ స్టేషన్. జనం మధ్యలో నడుస్తున్న ఓ మహిళ దగ్గర్నుంచి ఓ కుర్ర దొంగ పర్సు కొట్టేశాడు. తప్పించుకోలేక దొరికిపోయాడు. పర్సులో ఉన్నది ఒక పౌండు, 18 షిల్లింగుల 6 పెన్నీలు. కేసు కోర్టుకు వెళ్లింది. నేరాభియోగం విన్న ఆ మహిళ నిర్ఘాంతపోయింది. దొంగ లాక్కున్నది మిలిసెంట్ ఫాసెట్ అనే ఆమె దగ్గర్నుంచే. కానీ ఆ సొత్తు మాత్రం హెన్రీ ఫాసెట్‌ది అని ఉంది అందులో!

హెన్రీ ఎవరో కాదు, ఆమె భర్తే. కేంబ్రిడ్జిలో అర్థశాస్త్రం ప్రొఫెసర్. పాతికేళ్ల వయసులో వేటకెళ్లినప్పుడు తుపాకీ గుండ్లు తగిలి చూపు పోయినా కుంగిపోకుండా పార్లమెంటు సభ్యుడయ్యాడు. భారతదేశపు ఖజానా డబ్బును బ్రిటన్ ఇష్టం వచ్చినట్టు ఖర్చుపెట్టడాన్ని సభలో పదేపదే నిలదీసి 'ఇండియా మెంబరు' అని పేరు తెచ్చుకున్నాడు. ఆడవాళ్లకు ఓటు ఉండాలని వాదించిన మనిషి. అలాంటి భర్త ఉన్నా మిలిసెంట్ పర్సు ఆమెది కాలేదు. తప్పు ఆయనది కాదు, చట్టానిది. ఆ క్షణాన దొంగతనం చేసింది తానేనేమో అనిపించిందని ఆమె తర్వాత రాసుకుంది.

ఆ చట్టం చెప్పేదొక్కటే. ఆలుమగలు ఇద్దరు కాదు, ఒక్కరే. ఆ ఒక్కరూ భర్తే! పెళ్లి కాని అమ్మాయి ఆస్తి కొనొచ్చు, అమ్మొచ్చు, వీలునామా రాసుకోవచ్చు. చర్చిలో ఉంగరం తొడిగించుకున్న మరుక్షణం ఆమె చేతిలోని నగదు, నగలు, సామాను అంతా భర్త సొంతం. పొలాలుంటే వాటి మీద వచ్చే రాబడి ఆయనదే. ఆమె కష్టపడి సంపాదించినా ఆ కూలి ఆయనదే. భర్త ఒప్పుకోకుండా వీలునామా కూడా రాయలేదు.

అందుకే పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిషు నవలల్లో పెళ్లి అంత పెద్ద విషయం. ఆడపిల్ల జీవితంలో అదొక్కటే బేరం. ఒక్కసారే కుదిరే బేరం.

అయిదుగురు కూతుళ్లు... నలభై పౌండ్లు!

1813 జనవరిలో వచ్చిన జేన్ ఆస్టిన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'ను ఇప్పటికీ ప్రపంచమంతా ప్రేమకథగానే చదువుకుంటుంది. కానీ అందులో ప్రతి పాత్రా తెరమీదకు రాగానే ముందు తెలిసేది ఆ మనిషి ఆదాయం. డార్సీకి ఏడాదికి పదివేల పౌండ్లు. అతని స్నేహితుడు బింగ్లీకి నాలుగైదు వేలు. ఆ ఊరికి బింగ్లీ వస్తున్నాడని తెలిసిన రోజే అతని రాబడి ఎంతో ఇంటింటికీ తెలిసిపోతుంది. మన ఊళ్లో అమెరికా అబ్బాయి సెలవుల మీద వస్తే జరిగే హడావుడి లాంటిదే!

ఎలిజబెత్ ఇంటి పరిస్థితి చూడండి. తండ్రి బెన్నెట్‌కు ఏడాదికి రెండువేల పౌండ్లు వచ్చే భూములున్నాయి. దర్జాగానే బతుకుతున్నారు. కానీ అయిదుగురూ ఆడపిల్లలే. ఆ ఆస్తికి ఓ మెలిక ఉంది. మగ వారసుడికే చెందాలని పెద్దలు ముందే దస్తావేజు రాసిపెట్టారు. 'ఎంటెయిల్' అంటారు దీన్ని. బెన్నెట్ కన్నుమూస్తే ఇల్లూ పొలమూ దూరపు బంధువు కాలిన్స్‌కు వెళ్లిపోతాయి. కొడుకు పుడితే, వాడు పెద్దయ్యాక ఇద్దరూ కలిసి ఆ కట్టుబాటు తెంచుకోవచ్చని బెన్నెట్ మొదట్లో ధీమాగా ఉన్నాడు. అందుకే పైసా దాచలేదు. కొడుకు పుట్టలేదు. అప్పటికి పొదుపు మొదలుపెట్టే వయసు దాటిపోయింది.

మరి కూతుళ్లకు మిగిలేదేంటి? తల్లి పేరిట రాసిన అయిదువేల పౌండ్లు. అదీ ఆమె తదనంతరం. అయిదుగురికి పంచితే తలా వెయ్యి. ప్రభుత్వ బాండ్లలో నాలుగు శాతం వడ్డీకి పెడితే ఏడాదికి నలభై పౌండ్లు. అప్పట్లో పొలం కూలీకి వారానికి పది షిల్లింగుల చుట్టుపక్కల వచ్చేది. అంటే ఏడాదికి పాతిక పౌండ్ల పైచిలుకు. గుర్రబ్బండిలో తిరిగిన ఇంటి అమ్మాయి తల్లిదండ్రులు పోయాక బతకాల్సింది కూలీ కుటుంబం కన్నా కాస్త ఎక్కువ డబ్బుతో!

ఈ లెక్క తెలిశాక బెన్నెట్ భార్యను చూసి నవ్వడం కష్టం. కూతుళ్ల పెళ్లిళ్ల కోసం ఆమె చేసే గోల, ఎత్తులు, మూర్ఛలు నవలలో నవ్వు తెప్పిస్తాయి. కానీ ఆ ఇంట్లో రేపటి గురించి భయపడుతున్నది ఆమె ఒక్కతే. ఆస్తి కాజేయబోయే కాలిన్సే వచ్చి ఎలిజబెత్‌ను పెళ్లాడతానంటే తల్లికి అది దేవుడిచ్చిన వరం. కూతురు కాదంటే ఆమె గుండె పగలదా మరి!

ఎలిజబెత్ వద్దన్న కాలిన్స్‌ను మూడు రోజులు తిరక్కుండా ఆమె స్నేహితురాలు షార్లట్ ఒప్పుకుంటుంది. షార్లట్‌కు 27 ఏళ్లు. అందగత్తె కాదు. డబ్బు లేదు. కాలిన్స్ తెలివితక్కువవాడనీ, విసుగు పుట్టిస్తాడనీ ఆమెకు బాగా తెలుసు. అయినా సరేనంది. ఆమెకు కావాల్సింది తలమీద ఓ కప్పు, తనదనుకునే వంటిల్లు. అక్క పెళ్లి కాకుండా మిగిలిపోతే తమకే భారమని బెంగపడుతున్న తమ్ముళ్లు ఆ వార్త విని ఊపిరి పీల్చుకుంటారు. ఆస్టిన్ ఈ విషయాన్ని రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంటుంది. కథంతటికీ అదే అసలు చేదు నిజం.

మగవాళ్ల లెక్కలు వేరే. అందగాడు వికమ్ మొదట డార్సీ చెల్లెలు జార్జియానాను లేవదీసుకుపోవాలని చూస్తాడు. ఆ అమ్మాయికి అప్పుడు పదిహేనేళ్లే. కట్నం 30 వేల పౌండ్లు. అది కుదరకపోతే పదివేలు కలిసొచ్చిన మరో అమ్మాయి వెంట పడతాడు. చివరకు ఎలిజబెత్ చెల్లెలు లిడియాతో పారిపోతాడు, పెళ్లి ఉద్దేశం లేకుండానే. ఆ పెళ్లి జరిపించడానికి డార్సీ రహస్యంగా అతని అప్పులు వెయ్యి పౌండ్లకు పైగా తీర్చి, లిడియా పేరిట మరో వెయ్యి రాసి, సైన్యంలో ఉద్యోగం కూడా కొనిపెట్టాల్సి వస్తుంది. మన భాషలో చెప్పాలంటే పరువు నిలబెట్టుకోడానికి ఇచ్చిన ఎదురు కట్నం!

డబ్బున్నా చాలదు... అంతస్తు కావాలి

బింగ్లీ లక్ష పౌండ్లు అతని తండ్రి వ్యాపారంలో సంపాదించినవి. అయినా అతని అక్కచెల్లెళ్లు ఎలిజబెత్ మేనమామలను చూసి మూతి విరుస్తారు. కారణం, వాళ్లలో ఒకాయన లండన్‌లో వ్యాపారి కావడమే! తమ డబ్బూ దుకాణంలోంచే వచ్చిందన్న సంగతి వాళ్లు మరచిపోవాలని చూస్తారు. వ్యాపారంలో వచ్చిన డబ్బుతో పొలాలు కొనాలి. అక్కడ బంగళా కట్టాలి. పిల్లల్ని జమీందారీ ఇళ్లకు ఇవ్వాలి. అప్పుడుగానీ 'పెద్దింటివాళ్లు' కారు. అదీ నాటి నిచ్చెన.

ఆ నిచ్చెన మీద ఉన్నవాళ్లు ఎంత పిసినారులో 1811లో వచ్చిన 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'లో చూపించింది ఆస్టిన్. తండ్రి చనిపోతూ కొడుకు జాన్ చేతిలో చేయి వేయించుకుంటాడు, సవతితల్లినీ ముగ్గురు చెల్లెళ్లనూ చూసుకోమని. ఎస్టేటంతా జాన్ వశమైంది. చెల్లెళ్లకు తలా వెయ్యి చొప్పున మూడువేలు ఇద్దామనుకుంటాడు. భార్య ఫ్యానీ వింటుంది. మన బాబు నోట్లో మట్టి కొడతారా అంటుంది. సరే, సగం ఇద్దాం... అంటాడు. సగం మాత్రం ఎందుకంటుంది. పోనీ సవతితల్లికి ఏడాదికి వంద ఇద్దాం... అంటాడు. అమ్మో, ఏటేటా డబ్బు వస్తుందంటే మనుషులు ఎప్పటికీ చావరు అంటుంది! చివరకు ఇల్లు మారేటప్పుడు సామాన్లకు సాయం, వేటాడినప్పుడు కాస్త మాంసం, చేపలు పంపితే చాలని తేలుతుంది. మూడువేల పౌండ్లు కాసేపట్లో చేపలైపోయాయి! మొగుడూపెళ్లాల మాటల్లోనే ఆడపిల్లల వాటా ఆవిరైపోవడం... చదువుతుంటే ఇది ఇంగ్లండేనా అనిపిస్తుంది.

రాత్రి సరే... తెల్లారి వద్దు

ఇవన్నీ ఆస్టిన్ ఊహించి రాసినవి కావు. ఆమె చర్చి పాస్టరు కూతురు. ఇరవై ఏళ్ల వయసులో టామ్ లెఫ్రోయ్ అనే కుర్రాడితో పరిచయం చిగురించింది. అతనికీ డబ్బు లేదు, ఆమెకూ లేదు. అంతటితో ఆ కథ ముగిసింది. తర్వాత అతను ఐర్లండుకు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు.

అక్క కసాండ్రాది ఇంకా విషాదం. ఆమెకు టామ్ ఫౌల్ అనే యువ పాస్టరుతో పెళ్లి నిశ్చయమైంది. సంసారం నడపడానికి చేతిలో డబ్బు లేదు. సంపాదించుకుని వస్తానని సైన్యం వెంట వెస్టిండీస్ వెళ్లాడు. 1797లో అక్కడే విషజ్వరంతో చనిపోయాడు. కాబోయే భార్యకు అతను వదిలి వెళ్లింది వెయ్యి పౌండ్లు. కసాండ్రా మళ్లీ పెళ్లి మాట ఎత్తలేదు.

1802 డిసెంబరు 2. హాంప్‌షైర్‌లోని మేనీడౌన్ బంగళా వారసుడు హారిస్ బిగ్-విథర్ జేన్‌ను పెళ్లి చేసుకుంటానన్నాడు. అతనికి 21 ఏళ్లు. ఆమెకు 27 నిండటానికి రెండు వారాలు. షార్లట్ వయసే! ఒప్పుకుంటే పెద్ద బంగళా, జీవితాంతం నిశ్చింత, తల్లికీ అక్కకూ నీడ. జేన్ సరేనంది. ఆ ఇంట్లో ఆ రాత్రి సంబరం. తెల్లారింది. జేన్ మాట వెనక్కి తీసుకుంది. అక్కాచెల్లెళ్లు అప్పటికప్పుడు బండెక్కి వెళ్లిపోయారు. రాత్రంతా ఆమె ఏం ఆలోచించిందో ఎక్కడా రాసుకోలేదు. ఆమె పాత్రల్లో ఎలిజబెత్, షార్లట్ ఇద్దరూ ఆ రాత్రి ఒకే గదిలో వాదించుకుని ఉంటారు.

దానికి ఖరీదూ చెల్లించింది. 1805లో తండ్రి పోయాక తల్లీ కూతుళ్లు అన్నదమ్ములు తలా కొంత వేసి ఇచ్చే డబ్బుతో ఊళ్లు మారుతూ బతికారు. ధనిక బంధువులకు దత్తత వెళ్లిన సోదరుడు ఎడ్వర్డు 1809లో చాటన్ గ్రామంలో ఓ ఇల్లు ఇచ్చాడు. ఆ ఇంట్లో కూర్చునే ఆమె నవలలు అచ్చుకు సిద్ధం చేసింది. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' హక్కులకు 150 పౌండ్లు అడిగితే పబ్లిషర్ ఇచ్చింది 110. పుస్తకం మీద ఆమె పేరు కూడా లేదు. 1817లో 41 ఏళ్లకే కన్నుమూసింది. బతికుండగా రచనల మీద వచ్చిన డబ్బు మొత్తం కలిపినా డార్సీకి నెల రాబడి కూడా కాదు!

జీతం ఇరవై... చాకలికి నాలుగు

కట్నం లేదు, పెళ్లి కాలేదు. అప్పుడు చదువుకున్న మధ్యతరగతి అమ్మాయికి దారేది? డబ్బున్నవాళ్ల ఇంట్లో పిల్లలకు చదువు చెప్పే గవర్నెస్ ఉద్యోగం. అటు పనివాళ్లలో మనిషి కాదు, ఇటు ఇంటివాళ్లతో కూర్చోదగ్గ మనిషీ కాదు. 1851 జనాభా లెక్కల్లో బ్రిటన్‌లో మగవాళ్లకన్నా ఆడవాళ్లు అయిదు లక్షల దాకా ఎక్కువని తేలింది. పెళ్లి కాని ఆడవాళ్లను 'మిగిలిపోయినవాళ్లు' అంటూ పత్రికల్లో చర్చలు పెట్టారు. వాళ్లను ఓడలెక్కించి వలస దేశాలకు పంపాలన్న సలహాలూ వచ్చాయి.

షార్లట్ బ్రాంటీ ఆ ఉద్యోగం చేసింది. 1841లో ఆమె జీతం ఏడాదికి ఇరవై పౌండ్లు. అందులో బట్టలు ఉతికినందుకని నాలుగు పౌండ్లు పట్టుకునేవారు. 1847లో ఆమె రాసిన 'జేన్ ఐర్'లో గవర్నెస్ జీతం ముప్ఫై పౌండ్లు. నవలలోనైనా కాస్త పెంచుకుంది పాపం! ఆ కథలో జేన్ ధనవంతుడైన యజమానిని ప్రేమిస్తుంది. కానీ అతని ఇంటికి చివరికి తిరిగొచ్చేది చేతిలో సొంత డబ్బున్న మనిషిగా. చిన్నాన్న వదిలి వెళ్లిన ఇరవై వేల పౌండ్లను మేనత్త పిల్లలు ముగ్గురికీ సమానంగా పంచి, తన వాటా అయిదువేలతో వస్తుంది. ఒకరి దయ మీద కాకుండా సమానంగా నిలబడి పెళ్లాడాలన్నది బ్రాంటీ కల.

కొడుకు పోయాక వచ్చిన కబురు

డబ్బున్న తండ్రులకు చట్టంలో ఓ దొడ్డిదారి ఉండేది. పెళ్లికి ముందే లాయర్లతో 'సెటిల్‌మెంట్' రాయించేవారు. కూతురి పేరిట ఇచ్చిన సొమ్మును ధర్మకర్తల చేతిలో పెట్టేవారు. ఆమె చేతిఖర్చుకు ఏటా ఇంత, భర్త పోతే భరణం ఇంత అని ముందే తేల్చుకునేవారు. అల్లుడి చేయి దానిమీద పడేది కాదు. కానీ లాయర్లకు ఇచ్చుకునే స్తోమత ఎందరికి ఉంటుంది? మిగతా ఆడవాళ్లకు మొగుడి మంచితనమే దిక్కు.

ఆ దిక్కు లేని తల్లి కరోలిన్ నార్టన్. నాటక రచయిత షెరిడాన్ మనవరాలు. కట్నం లేదు. 1827లో 19 ఏళ్లకే జార్జి నార్టన్ అనే లాయరుతో పెళ్లయింది. అతను కొట్టేవాడు. ఇల్లు గడవడానికి ఆమె కవితలు, నవలలు రాసేది. 1836లో విడిపోయారు. అప్పటి ప్రధానమంత్రి లార్డ్ మెల్‌బోర్న్‌తో ఆమెకు సంబంధం అంటగట్టి నష్టపరిహారం కోసం కేసు వేశాడు భర్త. జ్యూరీ సభ్యులు లేచి పక్కగదికి కూడా వెళ్లకుండానే ఆ కేసు కొట్టేశారు. ఆ కేసులో నోరు విప్పే హక్కు కరోలిన్‌కు లేదు. అది ఇద్దరు మగవాళ్ల మధ్య వ్యవహారం!

కేసు ఓడినా పిల్లలు అతనివే. చట్టప్రకారం బిడ్డల మీద తల్లికి ఏ హక్కూ లేదు. ముగ్గురు కొడుకుల్నీ తీసుకెళ్లిపోయాడు. ఆమె కరపత్రాలు రాసింది, పార్లమెంటు సభ్యుల్ని కలిసింది. 1839లో చట్టం వచ్చింది. ఏడేళ్లలోపు పిల్లల్ని తనకు అప్పగించమని తల్లి కోర్టును అడగొచ్చు. నార్టన్ పిల్లలతో స్కాట్లండు వెళ్లిపోయాడు. అక్కడ ఆ చట్టం చెల్లదు. 1842లో చిన్న కొడుకు విలియం గుర్రం మీంచి పడ్డాడు. గాయం ముదిరింది. తల్లికి కబురు పంపారు. ఆమె చేరేసరికి బిడ్డ ప్రాణం పోయింది. తను పోరాడి తెచ్చిన చట్టం ఎందరో తల్లులకు పనికొచ్చింది. ఆమె బిడ్డ దగ్గరికి మాత్రం ఆమెను చేర్చలేకపోయింది.

అక్కడితో అయిపోలేదు. ఆమె పుస్తకాల మీద వచ్చే డబ్బూ తనదేనన్నాడు భర్త. చట్టం అతనివైపే ఉంది. 1855లో కరోలిన్ రాణి విక్టోరియాకు బహిరంగ లేఖ రాసింది. సింహాసనం మీద ఓ ఆడమనిషి కూర్చున్న దేశంలో పెళ్లయిన ఆడదానికి ఉనికే లేదేమని నిలదీసింది. మరుసటి ఏడాది బార్బరా లీ స్మిత్ అనే యువతి ఊరూరా సంతకాలు సేకరించింది. 26 వేల మంది సంతకాలతో పెళ్లయిన స్త్రీల ఆస్తిహక్కు కోసం పార్లమెంటుకు అర్జీ వెళ్లింది.

ఆ సంతకాల్లో నవలా రచయిత్రి ఎలిజబెత్ గాస్కెల్‌దీ ఒకటి. ఆమె భర్త మంచివాడే. కానీ కథకు వచ్చిన ఇరవై పౌండ్లను ఆయన నింపాదిగా జేబులో వేసుకున్నాడని స్నేహితురాలికి ఉత్తరం రాసింది. ఆ తర్వాత ఏళ్లకు ఆమె ఓ పని చేసింది. రచనల మీద వచ్చిన సొమ్ము పోగేసి, పబ్లిషర్ దగ్గర కొంత అప్పు తీసుకుని 1865లో హాంప్‌షైర్‌లోని హోలీబోర్న్ గ్రామంలో భర్తకు తెలియకుండా ఇల్లు కొంది. ఆయన ఉద్యోగం మానేశాక చూపించి ఆశ్చర్యపరచాలని ఆశ. ఆ ఏడాది నవంబరులో ఆ ఇంట్లోనే కూతుళ్లతో మాట్లాడుతూ మాట్లాడుతూ కుప్పకూలిపోయింది. ఇల్లు సంగతి భర్తకు తెలిసింది ఆమె పోయాకే. జేన్ ఆస్టిన్ తలదాచుకున్న చాటన్ అక్కడికి రెండుమూడు మైళ్లే!

డాలర్ కోడళ్లు

శతాబ్దం చివరికొచ్చేసరికి లెక్క తిరగబడింది. 1870ల నుంచి అమెరికా గోధుమలు ఓడల్లో వచ్చిపడటంతో ఇంగ్లండులో ధాన్యం ధరలు కుప్పకూలాయి. పొలాల మీద కౌళ్లు పడిపోయాయి. డార్సీ లాంటి దొరలకు బంగళా పైకప్పు బాగుచేయించుకునే డబ్బు కూడా కరవైంది. ఆంథోనీ ట్రోలోప్ ఈ సంగతి కాస్త ముందే పసిగట్టాడు. 1858 నాటి 'డాక్టర్ థార్న్'లో అప్పుల్లో కూరుకున్న జమీందారు కొడుక్కి ఇంట్లో అందరూ చెప్పేది ఒకటే మాట, డబ్బున్న పిల్లనే చేసుకోవాలని. అతను మనసుపడ్డ మేరీ పుట్టుక సరైంది కాదని చీదరించుకుంటారు. తాపీ పనితో మొదలుపెట్టి రైల్వే కాంట్రాక్టులతో కోట్లకు పడగలెత్తిన మేనమామ ఆస్తి ఆమెకు వచ్చిందని తెలియగానే అదే ఇల్లు ఎర్ర తివాచీ పరుస్తుంది!

దొరల దగ్గర బిరుదులున్నాయి, డబ్బు లేదు. అమెరికా కోటీశ్వరుల దగ్గర డబ్బుంది, బిరుదు లేదు. సంబంధాలు కలిశాయి. 1874లో న్యూయార్క్ అమ్మాయి జెన్నీ జెరోమ్ లార్డ్ రాండాల్ఫ్ చర్చిల్‌ను పెళ్లాడింది. వాళ్లబ్బాయే విన్‌స్టన్ చర్చిల్. 1895లో అదే వంశంలోని మార్ల్‌బరో డ్యూక్‌కు రైల్వే కుబేరుల ఇంటి పిల్ల కాన్సువెలో వాండర్‌బిల్ట్‌ను ఇచ్చారు. కట్నం పాతిక లక్షల డాలర్ల రైల్వే షేర్లు. ఆ అమ్మాయికి 18 ఏళ్లు. మనసులో వేరే మనిషి ఉన్నాడు. తల్లి ఆమెను ఇంట్లో కట్టడి చేసి, గుండెజబ్బు వచ్చినట్టు కబుర్లు చెప్పించి ఒప్పించింది. పెళ్లిరోజు మేలిముసుగు మాటున పెళ్లికూతురు ఏడుస్తూనే ఉంది. 1921లో విడాకులయ్యాయి. 1926లో ఆ పెళ్లే చెల్లదని చర్చి తేల్చింది. నా కూతుర్ని నేనే బలవంతపెట్టానని సాక్ష్యం చెప్పింది ఎవరో కాదు, ఆ తల్లే!

అదే రోజుల్లో... విజయనగరంలో

కాన్సువెలో పెళ్లికి మూడేళ్ల ముందు, 1892లో విజయనగరంలో గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' తొలిసారి ప్రదర్శనకు వచ్చింది. 1897లో అచ్చయింది. ఇక్కడ డబ్బు వెళ్లే దిక్కు వేరు. అక్కడ అల్లుడికి ఇస్తే, ఇక్కడ అల్లుడి దగ్గర పుచ్చుకునేవారు. అగ్నిహోత్రావధాన్లు చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టడానికి బేరం 1800 రూపాయలు. అలాగే ఇచ్చిన పెద్ద కూతురు బుచ్చమ్మ అప్పటికే విధవరాలై ఇంట్లో ఉంది. ఆ తండ్రికి అదీ అడ్డం కాలేదు.

ఇది నాటకం కోసం పెంచి రాసింది కాదు. విజయనగరం మహారాజా ఆనంద గజపతిరాజు విశాఖపట్నం జిల్లాలో ఇలాంటి పెళ్లిళ్ల లెక్క తీయించారు. ఆ వివరాలు గురజాడ తన ముందుమాటలో ఇచ్చారు. మూడేళ్లలో 1034 పెళ్లిళ్లు. వాటిలో 99 మంది పెళ్లికూతుళ్లకు అయిదేళ్లు, 44 మందికి నాలుగేళ్లు, 36 మందికి మూడేళ్లు. రెండేళ్లవాళ్లు ఆరుగురు. ముగ్గురికి ఏడాది! నడక కూడా సరిగా రాని పసిగుడ్డుకు ధర కట్టారు.

లండన్‌లో ఇచ్చారు, విజయనగరంలో పుచ్చుకున్నారు. ఎటు వెళ్లినా డబ్బు మగవాళ్ల చేతుల్లోంచి మగవాళ్ల చేతుల్లోకే వెళ్లింది. మధ్యలో ఉన్నది ఆడపిల్ల. ఆమె చేతికి మాత్రం రాలేదు.

పర్సు తిరిగొచ్చింది

1870లో బ్రిటిష్ పార్లమెంటు తొలి అడుగు వేసింది. పెళ్లయిన స్త్రీ తాను సంపాదించిన డబ్బు తన దగ్గర ఉంచుకోవచ్చంది. కరోలిన్ నార్టన్ అది చూసింది. భర్త 1875లో పోయాక, 1877లో పాత స్నేహితుడిని పెళ్లాడి కొన్ని నెలలకే కన్నుమూసింది. 1882లో అసలు చట్టం వచ్చింది. పెళ్లికి ముందున్నదైనా తర్వాత వచ్చినదైనా స్త్రీ ఆస్తి స్త్రీదే. 1883 జనవరి 1 నుంచి అమలైంది. ఆ రోజు నుంచి ఇంగ్లండులో భార్య పర్సు భార్యదే.

పర్సు పోగొట్టుకున్న మిలిసెంట్ ఫాసెట్ అక్కడితో ఆగలేదు. మహిళల ఓటు హక్కు ఉద్యమానికి నాయకురాలై దశాబ్దాల పాటు నడిపింది. 1918లో ముప్ఫై దాటిన మహిళల్లో చాలామందికి, 1928లో మగవాళ్లతో సమానంగా అందరికీ ఓటు వచ్చింది. అది కళ్లారా చూసి మరుసటి ఏడాది వెళ్లిపోయింది. 2018లో లండన్ పార్లమెంట్ స్క్వేర్‌లో ఆమె విగ్రహం పెట్టారు. ఆ కూడలిలో ఓ మహిళ విగ్రహం నిలవడం అదే మొదటిసారి.

ఆ గాలి మనదాకా కూడా వచ్చింది. 1874లో ఇక్కడా వివాహిత స్త్రీల ఆస్తి చట్టం చేశారు. అందులోని ఆరో సెక్షన్ మొదట్లో హిందూ, ముస్లిం కుటుంబాలకు వర్తించేది కాదు. 1923 సవరణతో అందరికీ వర్తించింది. ఇప్పటికీ అమల్లో ఉంది. భర్త తన పేరిట జీవిత బీమా తీసుకునేటప్పుడు ఈ చట్టం కింద భార్యాబిడ్డల కోసమని రాయిస్తే ఆ సొమ్ము వాళ్లకే చెందుతుంది. ఆయనకు అప్పులున్నా అప్పులవాళ్లు దానిమీద చేయి వేయలేరు. బీమా ఫారంలో 'ఎండబ్ల్యూపీ' అన్న మూడక్షరాలు కనిపించేది అందుకే. చాలామంది చూసీచూడనట్టు వదిలేసే ఆ చిన్న గడి వెనక ఓ శతాబ్దపు కన్నీళ్లున్నాయి.

ఈసారి పాలసీ ఫారం నింపేటప్పుడు ఆ గడి దగ్గర ఓ నిమిషం ఆగండి!